డీజిల్ మోటారుహోమ్‌లలో ఉద్గార వ్యవస్థ వైఫల్యాలు

డీజిల్ మోటారుహోమ్‌లో ఉద్గార వ్యవస్థ వైఫల్యం అనగా, డీజిల్ ఇంజనుతో నడిచే నివాస వాహనంలో పొగను శుద్ధి చేసే పరికరాలలో గానీ, వాటిని కనిపెట్టి ఉండే సెన్సార్లలో గానీ లోపం ఏర్పడి, ఆ కారణముగా ఇంజను శక్తి తగ్గిపోవుట లేక బండి పూర్తిగా నిలిచిపోవుట. పడక, వంటగది, స్నానపు గది ఒకే వాహనంలో అమర్చి, దూరప్రయాణాలకు ఉపయోగించే బండిని మోటారుహోమ్ అంటారు. అమెరికా సంయుక్త రాష్ట్రాలు, కెనడా, ఐరోపా దేశాలు, ఆస్ట్రేలియాలలో వీటి వాడకం ఎక్కువ. పదవీ విరమణ చేసినవారు ఏడాదిలో అనేక నెలలు వీటిలోనే నివసించడం ఆ దేశాలలో సామాన్యం.

ఇంజను ఏ లోపమూ లేకుండా ఉన్నప్పటికీ బండి కదలకపోవడం ఈ వైఫల్యాల ప్రత్యేకత. చక్రం పగిలినా, బ్యాటరీ దిగిపోయినా కారణం కంటికి కనిపిస్తుంది. ఇక్కడ అలా కాదు. పొగ సరిగా శుద్ధి కావడం లేదని ఇంజను కంప్యూటరు భావించినప్పుడు, చట్టం కోరిన విధముగా అదే ఇంజనును బలహీనపరుస్తుంది. కంప్యూటరు అభిప్రాయం నిజమా, పొరపాటా అన్నది దారిలో ఉన్న ప్రయాణికుడికి వెంటనే తెలిసే అవకాశం తక్కువ.

నేపథ్యం

డీజిల్ ఇంజను పొగలో ప్రధానమైన కాలుష్యాలు రెండు. మొదటిది మసి, అనగా పూర్తిగా మండని కర్బన కణాలు. రెండవది నత్రజని ఆక్సైడులు, వీటిని కలిపి నాక్స్ అని వ్యవహరిస్తారు. ఇంజనులో దహనం బాగా వేడిగా జరిగితే మసి తగ్గుతుంది గానీ నాక్స్ పెరుగుతుంది. చల్లగా జరిగితే నాక్స్ తగ్గి మసి పెరుగుతుంది. ఒకదానిని అణచబోతే మరొకటి లేచే ఈ చిక్కు వలననే డీజిల్ బండ్లకు ఇన్ని పరికరాలు అవసరమైనవి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2012లో డీజిల్ పొగను మానవులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ (ఈపీఏ) 2001లో వెలువరించిన నిబంధనల ప్రకారం భారీ వాహనాల డీజిల్ ఇంజన్లు 2007 నుండి మసిని, 2007-2010 మధ్య దశలవారీగా నాక్స్‌ను బాగా తగ్గించవలసి వచ్చింది. ఒక హార్స్‌పవర్-గంటకు మసి 0.01 గ్రాము, నాక్స్ 0.20 గ్రాము మించరాదన్నది ఆ పరిమితి. గంధకం ఎక్కువగా ఉన్న డీజిల్ ఈ పరికరాలను పాడుచేస్తుంది కాబట్టి, 2006 నుండి పది లక్షల భాగాలలో 15 భాగాలకు మించి గంధకం లేని డీజిల్ అక్కడ అమ్మకానికి వచ్చింది. ఐరోపాలో యూరో-6 ప్రమాణాలు, భారతదేశంలో 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్-6 ప్రమాణాలు దాదాపు ఇదే మార్గాన్ని అనుసరించాయి.

మోటారుహోమ్‌లకు ఇంజన్లు వేరుగా తయారు కావు. అమెరికాలో వెనుక భాగాన ఇంజను ఉండే పెద్ద మోటారుహోమ్‌లలో ఎక్కువగా కమిన్స్ సంస్థ లారీ ఇంజన్లు, ఫ్రైట్‌లైనర్ లేదా స్పార్టన్ చట్రాలపై ఉంటాయి. చిన్నవాటికి మెర్సిడెస్-బెంజ్ స్ప్రింటర్, ఐరోపాలో ఫియట్ డుకాటో వంటి వ్యానులు ఆధారం. ఇంజను లారీదే అయినా దాని జీవితం మాత్రం లారీ జీవితం కాదు. లారీ రోజూ వందల మైళ్ళు భారంతో నడుస్తుంది, దాని పొగగొట్టం ఎప్పుడూ కాగి ఉంటుంది. మోటారుహోమ్ ఆరు నెలలు షెడ్డులో ఉండి, ఒక మాసం తిరిగి, మరల నిలిచిపోతుంది. రోజూ నడిచే బండి కోసం రూపొందిన శుద్ధి వ్యవస్థకు ఈ నిశ్చలత్వం పడదు. మోటారుహోమ్ యజమానుల కష్టాలలో చాలా వాటికి మూలం ఇక్కడే ఉన్నది.

వ్యవస్థలోని భాగాలు

పొగ ప్రయాణించే క్రమంలో మొదటిది ఈజీఆర్, అనగా పొగలో కొంత భాగాన్ని చల్లబరచి తిరిగి ఇంజనులోకి పంపే ఏర్పాటు. దహన ఉష్ణోగ్రతను తగ్గించి నాక్స్ పుట్టుకనే తగ్గించడం దీని పని. దీని కవాటం మసి పట్టి బిగుసుకుపోవడం, చల్లబరిచే భాగం పగిలి రేడియేటరు నీరు పొగలోకి కారడం దీనికి వచ్చే జబ్బులు. కారణం తెలియకుండా రేడియేటరు నీరు తరుగుతూ, పొగగొట్టం నుండి తెల్లని ఆవిరి తీపి వాసనతో వస్తున్నట్లయితే దీనిని అనుమానించవలెను. అటువంటప్పుడు ప్రయాణం కొనసాగిస్తే ఇంజనుకే ముప్పు.

తరువాతిది డీపీఎఫ్, మసిని పట్టి ఉంచే పింగాణీ వడపోత. తేనెపట్టు వంటి దీని అరలలో మసి చిక్కుకొంటుంది. వడపోత నిండినప్పుడు ఆ మసిని సుమారు 600 డిగ్రీల సెల్సియస్ వద్ద కాల్చివేస్తారు. దీనిని పునరుజ్జీవనం లేక రీజెన్ అంటారు. మసి కాలిపోతుంది గానీ, ఇంజను ఆయిలు నుండి వచ్చే బూడిద కాలదు. అది ఏళ్ళ తరబడి పేరుకొన్న తరువాత వడపోతను విప్పి శుభ్రపరచవలసిందే. ఈ బూడిదను తగ్గించడానికే తయారీదారులు తక్కువ బూడిద ఇచ్చే ఆయిలును, ఉదాహరణకు సీకే-4 తరగతి వాటిని, నిర్దేశిస్తారు.

చివరిది ఎస్‌సీఆర్. వేడి పొగలోకి యూరియా ద్రావణాన్ని సన్నని తుంపరగా చల్లినప్పుడు యూరియా విడిపోయి అమ్మోనియా ఏర్పడుతుంది. ఉత్ప్రేరకం సమక్షంలో ఆ అమ్మోనియా నాక్స్‌తో కలిసి, హానిలేని నత్రజనిగాను నీటి ఆవిరిగాను మారుతుంది. హైస్కూలు రసాయన శాస్త్రం చదివినవారికి ఇందులో కొత్త ఏమీ లేదు. అయితే పొగ సుమారు 200 డిగ్రీలకు చేరనిదే ఈ చర్య సరిగా జరగదు. అందువలన ఊరికే ఇంజను తిరుగుతున్న బండిలో, కొద్ది దూరం నడిచి ఆగే బండిలో ఎస్‌సీఆర్ సరిగా పనిచేయదు. చల్లిన యూరియా తెల్లని గడ్డలుగా పొగగొట్టంలోనే పేరుకొంటుంది. ఎస్‌సీఆర్‌కు ముందొకటి, వెనుకొకటి ఉండే నాక్స్ సెన్సార్లు ఎంత శుద్ధి జరిగిందో కొలిచి కంప్యూటరుకు తెలియజేస్తాయి.

డెఫ్ ద్రావణం

ఎస్‌సీఆర్‌లో వాడే ద్రావణాన్ని అమెరికాలో డెఫ్ అని, ఐరోపాలో యాడ్‌బ్లూ అని పిలుస్తారు. ఇది 32.5 శాతం స్వచ్ఛమైన యూరియా, మిగిలినది లవణాలు తొలగించిన నీరు. దీని నాణ్యతను ఐఎస్ఓ 22241 ప్రమాణం నిర్ణయిస్తుంది. 32.5 అన్న అంకె ఊరికే వచ్చినది కాదు. యూరియా, నీరు ఏ పాళ్ళలో కలిపితే ద్రావణం అన్నిటికంటే తక్కువ ఉష్ణోగ్రతలో గడ్డకడుతుందో ఆ పాలు అది; మైనస్ 11 డిగ్రీల సెల్సియస్ వద్ద మాత్రమే గడ్డకడుతుంది. గడ్డకట్టినా, కరిగినా పాళ్ళు మారవు కాబట్టి చలిదేశాలలో దీనివలన నష్టం లేదు. ఇంజను వేడినీటితో ట్యాంకును కరిగించే ఏర్పాటు బండిలోనే ఉంటుంది, ఈలోగా బండి మామూలుగానే నడుస్తుంది. గడ్డకట్టేటప్పుడు సుమారు 7 శాతం వ్యాకోచిస్తుంది కాబట్టి చలికాలం నిలిపే బండిలో ట్యాంకును అంచుల దాకా నింపరాదు.

చలి కంటే ఎండ దీనికి పెద్ద శత్రువు. 25 డిగ్రీల లోపు నిలువ ఉంచితే ఏడాదిన్నర వరకు చెడని డెఫ్, వేడి పెరిగిన కొద్దీ త్వరగా అమ్మోనియాగా విడిపోతుంది. అరిజోనా ఎడారిలోని క్వార్ట్‌సైట్ వంటి చోట్ల శీతకాలం గడిపి, వేసవిలో బండిని అక్కడే ఎండకు వదిలివేసే యజమానులు శరత్కాలంలో తిరిగివచ్చి తాళం తిప్పగానే "డెఫ్ నాణ్యత తక్కువ" అన్న హెచ్చరికను చూడడం ఇందువల్లనే. కొనేటప్పుడు డబ్బాపై తయారీ తేదీని చూసుకొనడం మేలు.

డెఫ్ కొరతలో కొందరికి రెండు దురాలోచనలు కలుగుతాయి. కుళాయి నీరు కలిపి సరిపెట్టుకోవడం ఒకటి, పొలానికి వేసే యూరియాను నీటిలో కరిగించి పోయడం రెండవది. కుళాయి నీటిలోని ఖనిజాలు, ఎరువుల యూరియాలోని మలినాలు ఉత్ప్రేరకాన్ని శాశ్వతంగా పాడుచేస్తాయి. నాణ్యతను కొలిచే సెన్సారు పాళ్ళలోని తేడాను పసిగట్టి ఇంజనును మరింత అణచివేస్తుంది. కాబట్టి ఆ ఉపాయం పనిచేయదు సరికదా, నష్టం కూడా.

డీజిల్ ట్యాంకులో డెఫ్ పోయడం, డెఫ్ ట్యాంకులో డీజిల్ పోయడం అంతకంటే పెద్ద ప్రమాదాలు. ఇవి తరచు జరుగుతాయి, ముఖ్యంగా అలసిపోయిన సాయంత్రం వేళ. పొరపాటు తెలిసిన క్షణాన చేయవలసిన పని ఒక్కటే, తాళం తిప్పకుండా ఉండడం. తాళం తిప్పితే పంపు నడిచి, ట్యాంకులో ఉన్నది గొట్టాలన్నిటిలోకి చేరుతుంది. తిప్పకపోతే ట్యాంకు ఖాళీచేయించి కడిగించడంతో పోవచ్చును. తిప్పిన తరువాత పంపు, గొట్టాలు, ఇంజెక్టర్లు మార్చవలసి రావచ్చును. బంకులలో డెఫ్ గొట్టపు మొన డీజిల్ గొట్టపు మొన కంటే సన్నగా ఉండడం ఈ పొరపాటును సగం మాత్రమే ఆపగలదు. డబ్బాతో పోసేవారిని అది ఆపదు.

శక్తి తగ్గింపు

యజమాని డెఫ్ పోయకుండా బండి నడుపుతాడేమోనని, పరికరాలను విప్పివేస్తాడేమోనని అనుమానించిన ఈపీఏ, అతడిని దారిలో పెట్టడానికి ఇంజనే ఒత్తిడి చేయాలని తయారీదారులకు సూచించింది. ఆ ఒత్తిడి దశలుగా వస్తుంది. పెద్ద మోటారుహోమ్‌లలో డెఫ్ సుమారు 10 శాతానికి చేరగానే దీపం వెలుగుతుంది, సుమారు 5 శాతం వద్ద అది మిణుకుతుంది. ఇంకా తగ్గితే ఇంజను శక్తి కొంత తెగుతుంది, ఎత్తులు ఎక్కడం కష్టమవుతుంది. పూర్తిగా అయిపోతే చివరి దశలో బండి గంటకు 5 మైళ్ళ (8 కిలోమీటర్ల) వేగానికి పడిపోతుంది. ఇది మనిషి నడకకు కొంచెం ఎక్కువ. డెఫ్ నాణ్యత లోపం, సెన్సారు లోపం వచ్చినప్పుడు కూడా ఇదే శిక్ష, అయితే అది ద్రావణం మట్టాన్ని బట్టి కాక గంటల లెక్కన సమీపిస్తుంది.

ఇక్కడ ఒక ముఖ్య విషయమున్నది. ఆ నియమాల ప్రకారం తయారైన ఇంజన్లలో 5 మైళ్ళ దశ బండి పరుగెడుతుండగా హఠాత్తుగా రాదు. బండి ఆగి, ఇంజనును ఆపి మరల స్టార్టు చేసినప్పుడు, లేదా ఇంధనం నింపినప్పుడు అమలవుతుంది. హెచ్చరిక ముదిరిన తరువాత ఎక్కడ ఇంజను ఆపుతున్నామో అక్కడే చిక్కుపడతామని దీని అర్థం. కొండ మలుపులో కాఫీ కోసం ఆపడం కన్నా, మరమ్మతు దొరికే ఊరి వరకు వెళ్ళి ఆపడం వివేకం.

స్ప్రింటర్ వంటి వ్యానులలో పద్ధతి వేరు. "ఇక 10 సార్లు మాత్రమే స్టార్టు అవుతుంది" అన్న భావం గల సందేశం కనిపించి, ప్రతి స్టార్టుకూ అంకె తగ్గుతూ వస్తుంది. ఐరోపాలోని తేలిక వాహనాలలో మైళ్ళు లేక కిలోమీటర్లు లెక్కకు వస్తాయి. అవి సున్నాకు చేరిన తరువాత ఇంజను ఒకసారి ఆగితే మరల స్టార్టు కాదు.

2021 నాటి సెన్సార్ల కొరత

డెఫ్ ట్యాంకు మూతకు అమర్చిన ఒకే భాగంలో ద్రావణం మట్టం, ఉష్ణోగ్రత, నాణ్యత కొలిచే సెన్సార్లు ఉంటాయి. ట్యాంకులో మంచి డెఫ్ నిండుగా ఉన్నా, ఈ భాగం చెడితే కంప్యూటరుకు అది ఖాళీ ట్యాంకే. 2021లో ప్రపంచమంతటా ఎలక్ట్రానిక్ చిప్‌ల కొరత ఏర్పడినప్పుడు ఈ భాగం దొరకడం అమెరికాలో దుర్లభమైంది. అనేక మోటారుహోమ్‌లు మరమ్మతు కేంద్రాల ఆవరణలలోనూ, విడిది స్థలాలలోనూ నెలల తరబడి నిలిచిపోయాయి. ఇంటిని అమ్మివేసి బండిలోనే కాపురముంటున్న వృద్ధ దంపతులకు బండి నిలిచిపోవడం అంటే ఇల్లు నిలిచిపోవడమే. ఇల్లు షెడ్డులో ఉంటే వారు సత్రాలలో ఉండవలసి వచ్చింది.

యజమానుల విన్నపాల మీదట, 2021 చివరలో ఈపీఏ అనుమతితో కమిన్స్ సంస్థ ఒక తాత్కాలిక సాఫ్ట్‌వేరును ఇచ్చింది. సెన్సారు చెడినప్పటికీ ఇంజను శక్తి తగ్గకుండా అది చూసేది, భాగం దొరికిన తరువాత దానిని అమర్చుకొనవలెనన్నది షరతు. అదే కాలంలో చైనా యూరియా ఎగుమతులను అదుపు చేయడంతో 2021 నవంబరులో దక్షిణ కొరియాలోనూ, ఆ తరువాత ఆస్ట్రేలియాలోనూ యూరియా ద్రావణానికే కటకట ఏర్పడింది. సెన్సారు లేకపోవడం ఒక దేశంలో, ద్రావణం లేకపోవడం మరో దేశంలో, ఫలితం మాత్రం ఒకటే.

ఈ ఉదంతంలో శిక్ష అనుభవించినవారు నియమాన్ని ఉల్లంఘించినవారు కారు. గాలిని కాపాడవలెనన్న నియమం సరైనదే. అయితే కొలిచే పరికరం తప్పు చెప్పినప్పుడు కూడా బండినే ఆపివేసే పద్ధతిలో ఆలోచనాలోపం ఉన్నదనే చెప్పవలసి ఉన్నది.

దారిలో వైఫల్యం ఎదురైనప్పుడు

మొదట దీపం రంగు చూడవలెను. పసుపు దీపం అనగా త్వరలో చూపించవలసిన లోపం. ఎర్ర దీపం అనగా భద్రంగా పక్కకు తీసి ఆపవలసిన లోపం. డీపీఎఫ్ దీపం నిలకడగా వెలిగితే వడపోత నిండుతున్నదని, మిణికితే ఆలస్యం చేయరాదని భావం. పొగగొట్టం బాగా కాగినదని తెలిపే దీపం ఒకటి వేరుగా ఉంటుంది. రీజెన్ జరుగుతున్నప్పుడు అది వెలగడం సహజమే, లోపం కాదు. కొత్తవారు దీనిని చూచి బెదరి ఇంజను ఆపివేస్తారు. సగంలో ఆగిన రీజెన్ వడపోతకు మంచిది కాదు.

తరువాత లోపపు సంకేతం తెలుసుకొనవలెను. పెద్ద బండ్లలో 9 సూదుల గుండ్రని సాకెట్టు, వ్యానులలో 16 సూదుల సాకెట్టు ఉంటాయి. వాటికి తగిన చిన్న సంకేతమాపకాన్ని వెంట ఉంచుకొనడం అనుభవజ్ఞుల అలవాటు. పెద్ద బండ్లలో ఎస్‌పీఎన్ అనే సంఖ్య లోపమున్న భాగాన్ని తెలుపుతుంది. 1761 డెఫ్ మట్టం, 3364 డెఫ్ నాణ్యత, 3216 లోపలి నాక్స్ సెన్సారు, 3226 బయటి నాక్స్ సెన్సారు, 3251 డీపీఎఫ్‌కు ఇరువైపులా ఒత్తిడి తేడా, 4364 ఎస్‌సీఆర్ సామర్థ్యం. 5246 కనిపిస్తే అది లోపం కాదు, శిక్ష ఏ దశలో ఉన్నదో తెలిపే సంకేతం. దానితోపాటు ఉన్న మరో సంఖ్యే అసలు కారణం. వ్యానులలో ఎస్‌సీఆర్ సామర్థ్యం తగ్గితే పీ20ఈఈ అని కనిపిస్తుంది. సంఖ్యను కాగితంపై వ్రాసి పెట్టుకొన్న తరువాతనే మరమ్మతు కేంద్రానికి ఫోను చేయవలెను. "ఏదో దీపం వెలిగింది" అన్నవారికంటే "3364 వచ్చింది" అన్నవారికి, సరైన భాగం ఉన్న కేంద్రం ఏదో త్వరగా తెలుస్తుంది.

సంకేతం డెఫ్‌కు సంబంధించినదైతే, ట్యాంకులో ద్రావణం నిజంగా ఉన్నదో లేదో కంటితో చూడవలెను. మంచి డెఫ్ నీటివలె తేటగా ఉంటుంది. పైన నూనె తెట్టు కనిపిస్తే డీజిల్ కలిసినదని గ్రహించి బండిని నడపరాదు. గాఢతను కొలిచే చిన్న వక్రీభవనమాపకం ఉంటే పాళ్ళు ఒక నిమిషంలో తేలిపోతాయి. ద్రావణం సరిగా ఉండి సెన్సారు మాత్రం కాదంటున్నదంటే తీగలు, ఫ్యూజులు, ప్లగ్గులు చూడవలెను. షెడ్డులో నెలల తరబడి ఉన్న బండిలో ఎలుకలు తీగలు కొరకడం మన లారీ షెడ్డులకే కాదు, అమెరికా మోటారుహోమ్‌లకూ ఉన్న బాధే. ప్లగ్గుల చుట్టూ, ద్రావణం చల్లే మొన చుట్టూ తెల్లని గడ్డలు కనిపిస్తే అవి యూరియా స్ఫటికాలు. బండి చల్లారిన తరువాత గోరువెచ్చని, లవణాలు లేని నీటితో కడిగితే అవి కరిగిపోతాయి. బ్యాటరీ తీగ విప్పి మరల తగిలిస్తే లోపం చెరిగిపోతుందన్న నమ్మకం పాత బండ్ల నాటిది. ఈ కంప్యూటర్లు లెక్కను మరచిపోవు.

లోపం డీపీఎఫ్ నిండడమే అయితే చాలాసార్లు మంచి ఉపాయం బండిని ఆపడం కాదు, నడపడం. రహదారిపై స్థిరమైన వేగంతో అరగంటో, ముప్పావుగంటో భారంగా నడిపితే పొగ కాగి మసి దానంతట అదే కాలిపోవచ్చును. అది కుదరనప్పుడు నిలిపి ఉంచి చేసే రీజెన్ ఉన్నది. బండిని న్యూట్రలులో ఉంచి, పార్కింగ్ బ్రేకు వేసి, మీటను నొక్కితే ఇంజను వేగం పెంచుకొని, 20 నిమిషాల నుండి ఒక గంట వరకు వడపోతను కాల్చుకొంటుంది. ఆ సమయంలో పొగగొట్టం నుండి వచ్చే గాలి ఎండుగడ్డిని అంటించగలంత వేడిగా ఉంటుంది. అందుచేత తారు లేక కంకర నేలపై, చెట్టుకొమ్మలకు, పక్క బండ్లకు, మనుషులకు దూరంగా మాత్రమే చేయవలెను. నలుగురూ గుడారాలు వేసుకొన్న విడిది స్థలంలో ఈ పని తగదు. ఎర్ర దీపం వెలిగిన తరువాత యజమాని స్వయముగా రీజెన్‌కు పూనుకొనరాదు, అతిగా నిండిన వడపోత లోపల అదుపు తప్పి మండి పింగాణీ పగిలిపోవచ్చును.

5 మైళ్ళ దశ వచ్చిన బండిని రహదారిపై నడపడం ప్రాణాపాయం. వెనుక నుండి 70 మైళ్ళ వేగంతో వచ్చే వాహనాలు, ఇంత పెద్ద బండి దాదాపు నిలిచి ఉన్నదని చివరి క్షణం వరకు గ్రహించలేవు. ప్రమాద దీపాలు వేసి, అంచుకు తీసి, హెచ్చరిక త్రిభుజాలు దూరంగా పెట్టి, ప్రయాణికులను రక్షణ కంచె అవతలికి పంపి, సహాయం కోసం ఎదురుచూడడమే మార్గం.

లాగుకొని పోవుట

పెద్ద మోటారుహోమ్ బరువు 10 నుండి 20 టన్నుల దాకా ఉంటుంది. మామూలు కార్లను లాగే బండి దీనికి చాలదు, భారీ లారీలను లాగే వాహనాన్ని పిలవవలెను. ఫోనులోనే బండి పొడవు, బరువు, ఇంజను వెనుక ఉన్నదన్న సంగతి చెప్పడం మంచిది. ఆటోమేటిక్ గేరుపెట్టె ఉన్న బండిని వెనుక చక్రాలు నేలపై దొర్లేటట్లు లాగితే, లోపల ఆయిలు తిరగక గేరుపెట్టె పాడవుతుంది. అందుకని ముందుగా చోదకదండాన్ని గానీ ఇరుసులను గానీ విప్పవలెను. గాలి బ్రేకులలో గాలి దిగిపోతే స్ప్రింగు బ్రేకులు చక్రాలను పట్టేస్తాయి కాబట్టి బయటి నుండి గాలి ఎక్కించవలసి ఉంటుంది. మోటారుహోమ్‌లు ఎరుగని లాగుడు మనిషి వీటిని మరచిపోతే, చిన్న సెన్సారు కోసం బయలుదేరిన ఖర్చు గేరుపెట్టె వరకు పోతుంది. వీలైతే సంచార మరమ్మతుదారును బండి దగ్గరకే రప్పించడం చవక.

కెనడాలోని డాసన్ క్రీక్ నుండి అలాస్కాలోని డెల్టా జంక్షన్ వరకు సుమారు 2,200 కిలోమీటర్లు సాగే అలాస్కా రహదారి వంటి చోట్ల మరమ్మతు కేంద్రాలు బహు దూరం. అటువంటి ప్రయాణానికి డెఫ్ ట్యాంకు నిండుగా ఉంచుకొని, ఒకటి రెండు డబ్బాలు నీడలో దాచుకొని బయలుదేరడం ఆచారం.

ముందు జాగ్రత్తలు

మోటారుహోమ్‌లలో గుమ్మం దగ్గర బ్యాటరీని తెంపే స్విచ్చి ఉంటుంది. గమ్యం చేరగానే చాలామంది తాళం తీసి వెంటనే ఆ స్విచ్చి నొక్కుతారు. ఇంజను ఆగిన తరువాత కూడా డెఫ్ పంపు కొంతసేపు పనిచేసి గొట్టాలలోని ద్రావణాన్ని ట్యాంకులోకి వెనుకకు లాగుకొంటుందని వారికి తెలియదు. మధ్యలో విద్యుత్తు తెగితే ద్రావణం గొట్టాలలోనే ఉండి, చలిలో గడ్డకట్టి లేక ఎండలో స్ఫటికాలై పంపును మూసివేస్తుంది. తాళం తీసిన తరువాత సుమారు 5 నిమిషాలు ఆగి స్విచ్చి నొక్కడం అన్ని జాగ్రత్తలలోకి సులభమైనది. ఎక్కువగా ఉల్లంఘించబడేది కూడా ఇదే.

చల్లదనం కోసమో, బ్యాటరీ కోసమో ఇంజనును గంటల కొద్దీ ఊరికే తిప్పడం మానవలెను. బండిని నిలువ ఉంచిన కాలంలో నెలకొకసారి స్టార్టు చేసి పది నిమిషాలు తిప్పి ఆపడం మేలని కొందరు తలుస్తారు గానీ, పొగ కాగకుండా మసిని మాత్రమే పెంచే ఆ అలవాటు హానికరం. నడిపితే రహదారిపై అరగంటకు తగ్గకుండా నడపవలెను, లేకుంటే కదిలించకుండా ఉంచవలెను.

అమెరికాలో 2026 నమూనా వరకు మధ్యతరగతి, భారీ డీజిల్ ఇంజన్ల ఉద్గార భాగాలకు సమాఖ్య చట్టం ప్రకారం 5 సంవత్సరాలు లేక 1,00,000 మైళ్ళ హామీ ఉన్నది. మోటారుహోమ్ ఇల్లు భాగానికి హామీ ముగిసినా ఇది ముగియకపోవచ్చును. డబ్బు చెల్లించే ముందు అడిగి చూడడం మంచిది.

పరికరాల తొలగింపు

విసిగిన యజమానులు కొందరు ఈ పరికరాలన్నిటినీ విప్పించి, కంప్యూటరు కార్యక్రమాన్ని మార్పించుకొంటారు. అమెరికా స్వచ్ఛమైన గాలి చట్టం దీనిని నిషేధిస్తుంది. అటువంటి బండిని అమ్మడం కష్టం, హామీ చెల్లదు. తప్పు యజమానులదే కాదన్నది కూడా గుర్తుంచుకోవలెను. పరీక్షలో ఒక రకముగా, రోడ్డుపై మరో రకముగా పనిచేసే కార్యక్రమాలు పెట్టారన్న ఆరోపణలపై, స్ప్రింటర్ వ్యానులతో సహా సుమారు 2,50,000 వాహనాలకు సంబంధించి డైమ్లర్ సంస్థ 2020లో సుమారు 150 కోట్ల డాలర్ల రాజీకి వచ్చింది. ర్యామ్ పికప్ బండ్ల ఇంజన్ల విషయమై కమిన్స్ సంస్థ 167.5 కోట్ల డాలర్ల జరిమానాకు 2023 డిసెంబరులో అంగీకరించింది.

2025 మార్పులు

2025 ఆగస్టు 12న అయోవా రాష్ట్రంలో ఈపీఏ అధిపతి లీ జెల్డిన్ కొత్త మార్గదర్శకాలను ప్రకటించారు. ఇప్పటికే రోడ్డుపై ఉన్న వాహనాలలో హఠాత్తుగా శక్తి తెగిపోకుండా సాఫ్ట్‌వేరును సవరించాలని తయారీదారులను కోరారు. 2027 నమూనా నుండి రోడ్డుపై తిరిగే కొత్త డీజిల్ లారీలను, డెఫ్ అయిపోయిన తరువాత కూడా హఠాత్తుగా, తీవ్రముగా శక్తి కోల్పోకుండా రూపొందించాలన్నారు. అయితే సవరించిన సాఫ్ట్‌వేరును ప్రతి ఇంజనుకు తయారీదారుడే సిద్ధం చేయవలెను. కాబట్టి పాత బండి ఉన్నవారు తమ ఇంజను సంఖ్యతో తయారీదారుని విచారించి తెలుసుకొనవలసి ఉంటుంది.

భారతదేశంలో

భారతదేశంలో మోటారుహోమ్‌లు అరుదే గానీ, భారత్ స్టేజ్-6 లారీలు, ఆర్టీసీ బస్సులలో ఉన్నది ఇదే వ్యవస్థ. మన బంకులలో కనిపించే నీలి మూత డబ్బాలలోనిది ఇదే ద్రావణం. లారీ డ్రైవర్ల వాడుకలో దాని పేరు "యూరియా". ఈ పేరు వలననే అపోహ కలిగి, ఎరువుల యూరియాతో నకిలీ ద్రావణం తయారుచేసేవారూ ఉన్నారు. 2015 నుండి మన దేశంలో రైతులకు ఇచ్చే యూరియాకు వేపనూనె పూత తప్పనిసరి అయినది. ఆ నూనె పొలానికి మంచిదే గానీ ఉత్ప్రేరకానికి కాదు. అమెరికాకు పిల్లలను చూడవెళ్ళి, మోటారుహోమ్‌ను అద్దెకు తీసుకొని జాతీయ వనాలు తిరిగే తెలుగు కుటుంబాలకు సాధారణముగా ఈ బాధ ఎదురు కాదు, అక్కడి అద్దె బండ్లలో అధికభాగం పెట్రోలువి. డీజిల్ వ్యాను ఇచ్చినట్లయితే మాత్రం, తాళం అందుకొనేటప్పుడే డెఫ్ మట్టం ఎంత ఉన్నది, దానిని నింపే మూత ఎటు ఉన్నది, దీపం వెలిగితే ఏ నంబరుకు ఫోను చేయవలెను అన్న మూడు సంగతులు అడిగి తెలుసుకొనడం మంచిది.